వల కింద బండి

రవాణా ఆఫీసు ఆవరణలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నరేంద్రబాబు నా పికప్ కింద దూరి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చాక మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంటూ, "నంబర్ ఏదయ్యా?" అన్నాడు.

నేను బండి వెనక్కి నడిచి నంబర్ ప్లేటు చూపించాను. వరసలో నిలబడ్డ లారీ డ్రైవర్లు నవ్వారు.

"అది కాదు. ఛాసిస్ నంబర్. బండి తయారైన రోజు కింద ఇనుప దూలం మీద కొట్టిన నంబర్. ముందు కుడి చక్రం వెనకాల ఉండాలి. పోయినేడు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాం. ఇదిగో, ఫైల్లో ఉంది. ఇప్పుడక్కడ నున్నగా ఉంది. ఏం చేశావు?"

"నేనేం చేస్తా సార్?" అంటూ నేనూ కింద దూరాను.

పదిహేనేళ్ళలో నేను ఆ బండి కింద పడుకున్నంతసేపు మా ఇంట్లో మంచం మీద పడుకుని ఉండను. ఏ నట్టు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అలాంటిది, ఆయన చెప్పిన చోట నిజంగానే నంబర్ లేదు. మూరెడు మేర కొత్త ఇనుము, దాని మీద నల్ల రంగు, రెండు వైపులా వెల్డింగ్ అతుకు. నేను వేలితో రుద్ది చూశాను. రంగు వేలికంటింది. అంతకు మించి ఏమీ రాలేదు.

"ఇది నీ బండేనని నాకెలా తెలియాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, నేను బయటికొచ్చాక.

"నాది కాకపోతే ఎవురిది సార్?"

"అదే నేనూ అడుగుతున్నాను."

కోపం వచ్చింది గానీ, ఎవరి మీద పడాలో తెలియలేదు. ఆయన మంచివాడే. కాఫీ కూడా ముట్టడు. శుక్రవారంతో నా పాత ఎఫ్.సి. అయిపోతుందని, అంటే బండి రోడ్డు మీద తిరగొచ్చని ఇచ్చే కాగితం గడువు తీరిపోతుందని, ఆలోగా నంబర్ ఉన్న ఆ ముక్క తెచ్చి తన బల్ల మీద పెడితే మళ్ళీ నంబర్ కొట్టించడానికి పైకి రాస్తానని చెప్పాడు. తేలేకపోతే ఎక్కడిదో తెలియని బండి కింద రాయాలట. అలా రాసిన బండి ఇక తుక్కుకే. అప్పటిదాకా పికప్ ఆ ఆవరణలోనే ఉంటుందని తాళంచెవి తీసుకున్నాడు. ఆ రోజు బుధవారం.

ఆ ముక్క కోసింది ఎవరో నాకు తెలుసు. నడుచుకుంటూ వెల్డింగ్ పద్మనాభయ్య షెడ్డుకు పోయాను. నేను మోసేది చేపలు. పెట్టెల్లో ఐసు కరిగి, ఉప్పునీళ్ళు తొట్టి సందుల్లోంచి కారి, ఏడాది పొడుగునా ఛాసిస్ మీద పడుతూనే ఉంటాయి. వేరేవాళ్ళ బండ్లకి వయసొస్తుంది, మా బండ్లకి తుప్పొస్తుంది. తొట్టి రెండుసార్లు మార్చాను, తలుపులు మార్చాను, ఇంజను పూర్తిగా విప్పి బిగించాను. మార్చనిదేమిటని ఎవరైనా అడిగితే హారన్ అని చెబుతాను. పోయిన ఎఫ్.సి. అయిన రెండు నెలలకి ముందు చక్రం దగ్గర దూలం బీటేస్తే, పద్మనాభయ్యే ఆ మేర కోసి కొత్తది అతికాడు.

"నంబరా?" అన్నాడు పద్మనాభయ్య, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి. "నేను యాడ చూసినా అబ్బయా? అంతా తుప్పు, దాని మీద నువ్వు పూసిన తారు. కోసినా, అతికినా. నువ్వు పక్కనే నిలబడుంటివి గదా."

"ఆ ముక్క యాడుండాది ఇప్పుడు?"

"ఎప్పుటి మాదిరే గోతాంలో ఏసి నీ చేతికే ఇస్తి. పాత ఇనుం మీరు తూకానికెయ్యరని నాకు తెల్దా?"

అప్పుడు నాకు అర్థమైంది. అర్థమై, షెడ్డు ముందున్న టైరు మీద కూలబడ్డాను.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. మా నాయన కాలం నుంచీ ఉంది, మా అమ్మ అంకాలమ్మ దాన్ని చట్టం చేసింది. మనకు పనిచేసిన ఇనుమును తూకానికి అమ్మకూడదు. అన్నం పెట్టినదాన్ని పాతసామాన్లవాడి తక్కెట్లో పెడతారా అంటుంది. బోటు మేకులైనా, విరిగిన లంగరైనా, పనైపోయాక వలకి బరువుగా కట్టి సముద్రంలోకి దించాల్సిందే. నేను పికప్ కొన్నాక బండి ఇనుముకూ అదే చట్టం వర్తించింది. బండిలోంచి ఏది తీసినా గోతాంలో వేసి మా అన్న రమణయ్య ఇంటి ముందు పడేసేవాణ్ణి. ఆయన దానికి తాడు కట్టి తీసుకుపోయేవాడు. ఆ తర్వాత నేనెప్పుడూ అడగలేదు. అడగడానికేముంది?

అంటే నా బండి నంబర్ బంగాళాఖాతంలో ఉంది.

తాళంచెవి లేని చేతులతో మైపాడు బస్సెక్కాను. కండక్టర్ నన్ను గుర్తుపట్టి, బండేమైందన్నా అని అడిగాడు. రిజిస్ట్రేషన్ కాగితం నా జేబులో ఉంది. కాగితంలో ఉన్న నంబర్ సముద్రంలో ఉంది. నేను రోజూ నడిపేది ఆఫీసు ఆవరణలో నిలబడి ఉంది. ఈ మూడింటిలో బండి ఏదో నాకు నిజంగా తెలియలేదు.

అసలు భయం వేరే ఉంది. మైపాడులో పుట్టి కూడా నాకు సముద్రం పడదు. పంతొమ్మిదో ఏట మా నాయన నన్ను బోటెక్కించాడు. మొదటి అల దాటగానే మొదలైన వాంతులు ఒడ్డుకొచ్చేదాకా ఆగలేదు. అలవాటవుతుందన్నారు. పదేళ్ళు చూశాను, కాలేదు. మందులు మింగాను, తాయెత్తు కట్టించుకున్నాను, ఖాళీ కడుపుతో ఎక్కాను, నిండు కడుపుతోనూ ఎక్కాను. ఊళ్ళో నన్ను ఒడ్డు కిషోర్ అనేవాళ్ళు. ఇప్పటికీ అంటారు, వెనకాల. ఆ సిగ్గు భరించలేక బోటులో నా వాటా అన్నకిచ్చేసి పికప్ కొన్నాను. అది వచ్చాకే నాకు ఊళ్ళో ఒక పని, ఒక మర్యాద వచ్చాయి. చేపలు పట్టేది వాళ్ళయితే, చెడిపోకముందే నెల్లూరు చేర్చేది నేను. ఆ బండి తుక్కయితే మళ్ళీ కొనే శక్తి నాకు లేదు. నలభై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ అన్న బోటులో కూలికెక్కాలి, మళ్ళీ అందరి ముందూ కక్కుకోవాలి. దానికన్నా చావు నయమనిపించింది.

రమణయ్య ఇంటి ముందు కూర్చుని వల అల్లుకుంటున్నాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. విషయమంతా విని, చేతిలో పని ఆపకుండానే, "పీతల వల కిందుండాదిరా అది," అన్నాడు.

"రేపు తీసకరా అన్నా."

"ఏది తీసకరమంటావు? ఆ వలకి నీ ఇనుం పన్నెండు ముక్కలుండాయి. అన్నిటికీ గుల్లలు పట్టేసి ఒకటే మాదిరుంటాయి. నీ నంబర్ దేని మీదుండాదో నాకేం తెలుసు?"

"పన్నెండూ తెచ్చెయ్."

"బరువులన్నీ ఎత్తుకోనొస్తే వల యాడ నిలబడద్దిరా? నువ్వే వచ్చి చూసుకో. ఒకటి తీస్తే దాని బదులు ఇంకోటి కట్టాల. అది కూడా తెచ్చుకో."

ఆయన నా మొహం చూసి, "రెండు గంటల పనే," అన్నాడు, కొంచెం మెత్తగా.

బదులు ఇవ్వడానికి ఇంట్లో ఇనుము లేదు, ఉన్నదంతా ఎప్పుడో సముద్రం పాలైంది. చివరికి మిక్సీ వచ్చాక మూలన పడి ఉన్న రుబ్బురోలు పొత్రం కనిపించింది. దాన్ని ఎత్తుతుంటే నా భార్య రోజా వాకిట్లోకి వచ్చింది.

"నీ బండి అయిపోయింది, ఇప్పుడు నా రోలు మీద పడ్డావా?" అంది. "మీ వంశంలో వస్తువు చెడితే దాచుకునేది లేదు, పారేసుకునేది లేదు. అంతా సముద్రంలో కలపడమే."

అంటూనే నిమ్మకాయ ఒకటి తెచ్చి నా చొక్కా జేబులో వేసింది. వాసన చూస్తూ ఉంటే కడుపులో తిప్పదట.

గురువారం తెల్లవారాక బోటు తోశాం. పీతల వలకి ఇద్దరు చాలని అన్న ఇంకెవరినీ ఎక్కించుకోలేదు. నా మర్యాద కోసమే అలా చేశాడని నాకు తర్వాత తెలిసింది. నిమ్మకాయ మూడో అలకి చేతిలోంచి జారిపోయింది. నాలుగో అలకి నేను బోటు అంచు పట్టుకుని వంగిపోయాను. పాతికేళ్ళ కిందట ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క ముక్క కూడా మారలేదు.

"కానీ, కానీ," అన్నాడు అన్న ఇంజను దగ్గర నుంచి. "పీతలు గూడా తినాల గదా."

ఒడ్డు సన్నగా అయిపోయాక ఆయన ఇంజను ఆపి, జెండా కట్టిన బెండు పట్టుకుని తాడు లాగడం మొదలుపెట్టాడు. నేను అటు కక్కుతూ ఇటు లాగాను. మొదటి బరువు నీళ్ళలోంచి లేచింది. తెల్ల గుల్లలు, పాచి, మధ్యలో గుండ్రటి బోలు. బ్రేక్ డ్రమ్ము.

చూడగానే గుర్తుపట్టాను. కోట ఊరి నుంచి రొయ్యల లోడుతో వస్తుంటే బ్రేకు పడక, బండిని కాలవ గట్టు ఎక్కించి ఆపిన రోజు అది. రొయ్యలన్నీ కాలవలో పడ్డాయి. నేను గట్టు మీద కూర్చుని అరగంట ఏడ్చాను.

"ఇది దిగిన ఏడు మనకి పీతలు బాగా పడ్డాయి," అన్నాడు అన్న, దాన్ని అటు పక్క నీళ్ళలోకి వదులుతూ. "అమ్మ కంటాపరేషను ఆ ఏడే గదా చేయిస్తిమి."

రెండోది కమాన్ కట్ట, వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల బొత్తి. పెద్దవానల ఏడు మనుబోలు దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చి రెండు రోజులు చిక్కుకుపోయాను. నీళ్ళలో గుంత కనపడక విరిగింది. ఆ రెండు రోజులూ బండిలోనే పడుకుని బండినే తిట్టాను.

"మంచి బరువిది," అన్నాడు అన్న. "తుఫానుకి అందరి వలలు కొట్టుకపోతే మనది కదల్లా. ఊరంతా వచ్చి చూసినారు."

మూడోది ఫ్లైవీలు, క్లచ్ ఆనుకుని తిరిగే బరువైన ఇనుప చక్రం. రోజాకు నొప్పులొచ్చిన పొద్దున క్లచ్ పట్టక, రెండో గేరులోనే నెల్లూరు దాకా లాక్కుపోయాను. ఆమె నొప్పుల మధ్యలో కూడా నన్ను తిట్టడం మానలేదు. ఆ ఫ్లైవీలు గురించి అన్న ఇంకేదో చెప్పాడు, ఆ ఏడు వలలో పడ్డ పెద్ద టేకు చేప గురించి. నేను సరిగా వినలేదు. నాకు తల తిరుగుతోంది, అలల వల్ల మాత్రమే కాదు.

ఒక్కో ముక్క పైకి వస్తోంది. నాకది చెడిపోయిన రోజు గుర్తొస్తోంది. అన్నకది పనిలోకి దిగిన రోజు గుర్తొస్తోంది. ఇద్దరం ఒకే బండి గురించే మాట్లాడుకుంటున్నామా? నేను నా బండి చరిత్ర అంతా నాకే తెలుసనుకున్నాను. పదిహేనేళ్ళు నడిపిన మనిషిని, నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? కానీ అందులో సగం నాకు కనపడకుండా ఇక్కడ, ఈ నీళ్ళ అడుగున నడిచింది.

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాను.

"ఏంది చెప్పేది?"

"ఇదంతా. ఇవి ఇట్టా పనిచేస్తా ఉండాయని."

అన్న తాడు పట్టుకునే నా వైపు చూశాడు. ఆయనకి నా ప్రశ్న అర్థమైనట్టు లేదు. "పని చెయ్యకపోతే ఎందుకు కడతార్రా?" అన్నాడు. తాడు ఇంకో మూర లాగి మళ్ళీ అన్నాడు. "నిన్ను ఒడ్డు కిషోర్ అంటారు, నా చెవిన గూడా పడింది. అనేవోళ్ళకి నేనొకటే చెప్తా. వాడిచ్చిన ఇనుం లేకపోతే నా వల ఒక్క పొద్దన్నా నిలబడుంటదా అని అడగతా."

నాకు ఏడుపొచ్చింది. అది బయటపడకుండా ఉండటానికి పక్కకు తిరిగి వంగాను. అన్న వాంతి అనుకున్నాడు. నిజంగానే అదీ వచ్చింది.

తొమ్మిదోదిగా వచ్చింది ఛాసిస్ ముక్క. మూరెడు పొడుగు, ఒక చివర తాడు కోసం కన్నం. అన్న కత్తితో గుల్లలు గీకాడు, నేను డీజిల్ పోసి గోనెగుడ్డతో రుద్దాను. నేను పూసిన తారు అక్కడక్కడ ఇంకా పట్టుకునే ఉంది, దాని కిందే అక్షరాలు దాక్కున్నాయి. మొదటి నాలుగూ తుప్పు తినేసింది. మిగతావి చూపుకి ఆనాయి. జేబులోంచి కాగితం తీసి ఒక్కొక్కటే పోల్చుకున్నాను. సరిపోయాయి. అన్న ఆ ముక్క తాడు విప్పి, రోజా పొత్రానికి కట్టి నీళ్ళలో వదిలాడు. వల నెమ్మదిగా దాని వెంట దిగింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. నరేంద్రబాబు ఆ ముక్కను బల్ల మీద పాత పేపరు పరిచి పెట్టించుకున్నాడు. పెన్సిల్‌తో అచ్చు తీశాడు, ఫైలులో ఉన్న అచ్చు పక్కన పెట్టాడు, భూతద్దంతో చూశాడు.

"ఇదే," అన్నాడు చివరికి. "సరే. నువ్వొక వాంగ్మూలం ఇవ్వాలి. దాంతో పైకి పంపితే నంబర్ మళ్ళీ కొట్టించడానికి అనుమతిస్తారు. అది కొట్టించాక ఎఫ్.సి. ఇస్తాను. పై అధికారి నాలుగింటికి వెళ్ళిపోతారు, తొందరగా కానీ."

టైపు చేయించిన కాగితం నా ముందుకు తోశాడు. అప్పటికి మూడున్నర దాటింది. చదివాను. బండి నాదేనని, ముక్క పొరపాటున కోయబడినదని, అంతా సరిగ్గానే ఉంది. చివరి వాక్యం దగ్గర ఆగాను. "సదరు భాగము గత పది నెలలుగా సముద్రమునందు నిరుపయోగముగా పడియుండెను."

పెన్ను పట్టుకునే ఉన్నాను. సంతకం చెయ్యలేదు.

"ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ చివరి మాట తప్పు సార్. నిరుపయోగం అనేది."

"బండికి వాడటం లేదని అర్థం. మామూలుగా రాసేదే."

"బండికి లేదు సార్. వల కింద పనిలో ఉండింది."

మా అన్న వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగాడు. "పెట్టరా సంతకం," అన్నాడు చెవిలో. "ఆయన బండి ఇస్తానంటా ఉంటే నీకేందిరా?"

నాకేమిటో నాకూ తెలియదు. బండి పోతే ఏమవుతానో నాకు తెలుసు. నిన్నటి వాంతుల పులుపు ఇంకా గొంతులో ఉంది. గోడ గడియారం కనిపిస్తూనే ఉంది. అయినా చెయ్యి కదల్లేదు. ఆ ఒక్క మాట మీద సంతకం పెడితే, నీళ్ళ అడుగున పదిహేనేళ్ళు నడిచినదంతా నా చేత్తో నేనే కొట్టేసినట్టు అనిపించింది.

"మళ్ళీ టైపు చేయించే టైము లేదయ్యా," అన్నాడు నరేంద్రబాబు. గొంతు పెంచాడు. "నీకు ఎఫ్.సి. కావాలా, ఆ మాట కావాలా?"

"ఎఫ్.సి. కావాల సార్," అన్నాను. "కానీ అది అబద్ధం. దాని కింద నేను సంతకం పెట్టలేను."

ఆయన నన్ను చూశాడు. నా వెనక పీతల వాసనతో నిలబడ్డ మా అన్నను చూశాడు. బల్ల మీద కన్నం పొడిచిన ఇనుప ముక్కను చూశాడు. తర్వాత విసుగ్గా కాగితం తన వైపు లాక్కున్నాడు.

"ఏం పని చేసింది? చెప్పు."

"మా అన్న వల కదలకుండా పట్టుకోనింది సార్."

ఆయన నిరుపయోగముగా పడియుండెను అన్నదాన్ని పెన్నుతో కొట్టేసి పైన ఏదో రాశాడు. కొట్టివేత పక్కన ఒక సంతకం, కింద ఒక సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ప్యూను కాగితం తీసుకుని లోపలికి పరిగెత్తాడు. నకలు నా చేతికి వచ్చింది.

మెట్లు దిగుతుండగా అన్న అడిగాడు. ఆయనకి చదువు రాదు.

"ఏం రాసినాడురా ఆయన?"

చదివాను. "సదరు భాగము గత పది నెలలుగా సముద్రమునందు, వాహన యజమాని అన్నగారైన రమణయ్య వలను నిలిపి ఉంచు పనిలో ఉండెను."

అన్న మెట్టు మీదే ఆగిపోయాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంకోపాలి చదువు," అన్నాడు.